దాచిన జ్వరం

బెళ్ళందూరు ఫ్లాటులో ఆ ఉదయం కూడా కుక్కరు కూతతోనే మొదలైంది. సంధ్య ఒక చెవిలో ఆఫీసు మీటింగు, ఇంకో చెవిలో పాప ఏడుపు పెట్టుకుని, ఉప్మాలో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తోంది. అత్తగారు గంగమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, పాప శ్రీజకు తొమ్మిదో నెల తట్టు టీకా ఎప్పుడు వేయిస్తావని అడిగింది. వచ్చే వారం అంది సంధ్య. నెల రోజులుగా ఇదే మాట. ఒకసారి దగ్గు అంది, ఒకసారి ఎండ అంది, మొగుడు శివ గట్టిగా అడిగితే ఆఫీసు పని అంది. సూది మాట వింటేనే భయమేస్తోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బళేపేటలో గాజుల అంగడి నడిపిన మామగారు రామాంజనేయులుకు కరోనా టీకా వేయించింది తనే. అప్పట్లో స్లాటు దొరకడం మాటలు కాదు. ఫోను పట్టుకుని కూర్చుని సాధించింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన జ్వరంతో మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు. చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉండే ఒక వైరస్ ఆయనలో రెచ్చిపోయిందనీ, ఒంటిని కాపాడాల్సిన కణాలే రక్తకణాలను తినేస్తున్నాయనీ డాక్టరు చెప్పాడు. టీకా తర్వాత ఇలా కనబడటం చాలా అరుదనీ, టీకా వల్లే వచ్చిందని చెప్పలేమనీ కూడా అన్నాడు. సంధ్య చెవికెక్కింది టీకా అన్న మాటొక్కటే. అత్తగారు ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది.

"వచ్చే వారం వద్దు, ఈ పొద్దే పోదాం. తట్టు పోసి పోయిన బిడ్డల్ని నేను చూసినా," అంది గంగమ్మ.

సంధ్య స్టవ్ కట్టేసింది. "నా వల్ల కాదత్తయ్యా. మామయ్యను నా చేతులతో తీసుకెళ్ళి పోగొట్టాను. ఆ సంగతి మీకూ తెలుసు. పైకి అనరు, అంతే."

గంగమ్మ గోడ పట్టుకుని నేల మీద కూర్చుంది.

"నువ్వు పోగొట్టలేదమ్మా. సూదికి ముందే మీ మామకు జ్వరం ఉండె."

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. అంతకుముందు కొన్నాళ్ళుగా రాత్రిళ్ళు ఆయన ఒళ్ళు కాలిపోయేది. టీకా వేసే చోట గేటు దగ్గర నుదుటికి మిషను పెట్టి, వేడి ఉంటే వెనక్కి పంపేస్తారని ఆమెకు తెలుసు. అందుకే జ్వరం మాత్ర మింగించి, ఆటోలో దారి పొడుగునా తడి తువ్వాలుతో ఆయన నుదురు అద్దుతూ వచ్చింది. పక్కనే కూర్చున్న సంధ్య అది ఎండకనుకుంది. ఆసుపత్రిలో డాక్టరు, టీకాకు ముందు జ్వరం ఉందా అని అడిగినప్పుడు కూడా గంగమ్మ లేదనే చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది సంధ్య.

"నువ్వు అంత తిప్పలు పడి స్లాటు తెచ్చినావు. నీకు కోపమొస్తాదని భయపడినాం. ఆయన పోయినాక చెప్తే నన్నింక ఈ ఇంట్లో ఉంచుకోవని నోరు కుట్టుకున్నా. నువ్వు లోపల్లోపల కుమిలిపోతా ఉంటే, చూస్తానే ఉన్నా తల్లీ."

సంధ్యకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నన్నిలా కాలనిచ్చావా అని అరవబోయింది. అంతలో స్లాటు దొరికిన రోజు తను అన్న మాట గుర్తొచ్చింది. రేపు ఎవరికీ తలనొప్పి కూడా రాకూడదు, మళ్ళీ నా వల్ల కాదు, అని ఇంటిల్లిపాదినీ కసిరింది. ఆ పెద్దవాళ్ళు నిజంగానే భయపడ్డారు. సంధ్య వెళ్ళి అత్తగారి పక్కన నేల మీదే కూర్చుంది, ఇద్దరూ ఏడ్చారు.

ఆ పూటే పాపను క్లినిక్‌కు తీసుకెళ్ళారు. సూది సిద్ధం చేస్తూ నర్సు, పాపకు జ్వరం గానీ ఉందా అని అడిగింది. సంధ్య అత్తగారి వైపు చూసింది. గంగమ్మ ముందుకొచ్చింది. పాప మెడ మీద, పొట్ట మీద, అరికాళ్ళ మీద చెయ్యి పెట్టి చూసింది.

"లేదు," అంది. కోడలి వైపు తిరిగి, "ఈసారి నిజమే చెప్తా ఉండా," అంది.

సంధ్య కళ్ళు తుడుచుకుంది. "మీరే పట్టుకోండి అత్తయ్యా," అని పాపను ఆమె ఒళ్ళో పెట్టింది.