పాలగ్లాసు అధ్యాయం

పొద్దున్నే ఇచ్చిన పాలగ్లాసు మళ్ళీ నిండుగానే ఉంది. పైన మీగడ కట్టి, అత్తగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. కోడలు దాన్ని చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయింది. ముందు గదిలో కుట్టుమిషను మీద ఎవరిదో గౌను సగంలో ఆగి ఉంది, సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి.

"పాలు తాగలేదేం అత్తయ్యా?"

"కడుపు ఉబ్బరంగా ఉందమ్మాయ్. నువ్వు తాగెయ్."

నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట. చూపు మందగించి మనుషుల్ని నీడల్లా తప్ప పోల్చుకోలేని ఆ పెద్దావిడ, తల మాత్రం సరిగ్గా కోడలి వైపే తిప్పి, తాగుతుందా లేదా అని చెవులు రిక్కించి వింటోంది. ఆ మాట తనెక్కడ చదివిందో కోడలికి బాగా గుర్తుంది.

ఆ నవల ఈ ఇంటికి ఆడపడుచు చలవ. పక్క వీధిలోనే ఉంటుంది, స్కూలు టీచరు. ఊరంతా చదువుతోంది మీరూ చదవండి అని స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చి పడేసి పోయింది. ఓ చీకటి కొంప, అందులో ఒకరి పొడ ఒకరికి గిట్టని మనుషులు. మంచాన పడ్డ అత్త రోజంతా పిలిచి ప్రాణం తోడేస్తోందని కోడలు ఆవిడ పాలల్లో నిద్రమాత్రలు కలపడం మొదలుపెడుతుంది. అనుమానమొచ్చిన ముసలావిడ ఓ రోజు గ్లాసు వెనక్కి తోసి, "నువ్వు తాగు" అంటుంది. ఇంటిల్లిపాదీ చదివారు. అత్తగారికి మాత్రం మనవరాలు కాలేజీ నుంచి రాగానే వెనక వరండాలో కూర్చుని చదివి వినిపించేది. ఆ వేళకి కోడలు మిషను దగ్గరుండేది, దాని రొదలో ఒక్క ముక్కా వినపడేది కాదు.

అయితే ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క పుస్తకంతో నీళ్ళపాలైందన్నమాట. ఆమెకి ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే, మంటకన్నా భయమే ఎక్కువ. ఆ అధ్యాయం చదివినప్పుడు ఆమెకి అందరిలా ఒళ్ళు జలదరించలేదు. వెనక్కి తిప్పి రెండోసారి చదివింది. ఎవరూ పిలవని ఇల్లు, ఆగకుండా నడిచే మిషను ఎలా ఉంటాయోనని కాసేపు ఊహించుకుంది కూడా. కళ్ళు సరిగ్గా కనపడని మనిషికి ఆ ఊహ ఎలా కనిపించిందా అని ఇప్పుడు హడలిపోతోంది.

వంటింట్లో కూతుర్ని పట్టుకుంది. "నానమ్మకి ఆ పాల అధ్యాయం చదివావా?"

"ఆఁ, చదివాను."

"ఉన్నదున్నట్టా?"

పిల్ల చూపులు నేలమీద పడ్డాయి. "పుస్తకంలో లేనిదెలా చదువుతానమ్మా?" అని తువ్వాలు అందుకుని స్నానానికి జారుకుంది. ఆదివారం పొద్దున ఎన్ని కేకలేసినా తెమలని పిల్ల అంత చురుగ్గా కదిలేసరికి కోడలికి అనుమానం ఇంకా బలపడింది.

కాసేపటికి ఆడపడుచు వచ్చింది. తల్లి పక్కన కూర్చుంటూనే గ్లాసు చూసింది. వదిన వైపు ఓ చూపు చూసి, గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమైనా తగిలిందా?" అంది కోడలు గుమ్మంలోంచి.

"మామూలుగానే చూశాను వదినా."

"మామూలుగా పాలవాసన ఎవరు చూస్తారు? పుస్తకం ఇచ్చిపోయావు, పాఠం బాగానే ఎక్కినట్టుంది."

కిటికీ దగ్గర కూర్చున్న భర్త పేపరు కొంచెం దించాడు. "పుస్తకం మీద ఇంత గోలేంటి? అయినా ఆ కోడలు మరీ అంత చెడ్డదేం కాదు. పాపం, అలిసిపోయింది."

"పాలల్లో మందు కలిపిన మనిషి పాపమా అన్నయ్యా? రాక్షసి."

"అంటే నేనూ పాపం అలిసిపోయి కలిపానంటారా?" కోడలు భర్త మీదికి తిరిగింది.

"నేనెక్కడన్నానే ఆ మాట?"

"నాకైతే ఆ కొడుకుని చూస్తేనే మంట," అంది తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు. "అన్నీ తెలిసి కూడా పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు."

తండ్రి పేపరు మడిచి కింద పెట్టాడు. "ఆ భాగం నేను చదవలేదమ్మా. భయమేసి దాటేశాను."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవారు. కోడలు ఆడపడుచు చేతిలోంచి గ్లాసు లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అత్తయ్యా, అందరి ముందే అడుగుతున్నాను. ఇందులో నేనేదో కలిపాననేగా మీ అనుమానం? ఇదిగో, మీ పక్కనే కూర్చుని తాగుతాను."

"తాగు తాగు, నా గోలంతా దానికోసమే," అంది అత్తగారు. తర్వాత మొహం చిట్లించింది. "కలపడమేంటి? చక్కెరా?"

కోడలు ఎత్తిన గ్లాసు దించింది.

"ఆ కథలో పిచ్చిపిల్ల తన వంతు పాలు కూడా అత్తకే పోసి, మాడి మాడి పొయ్యి దగ్గర పడిపోయింది కదే. అది విన్నప్పట్నుంచీ నాకు గొంతు దిగట్లేదు. మొన్న నన్ను లేపుతుంటే నీ చెయ్యి పట్టుకున్నాను, ఎముకే తగిలింది. ఊరికే తాగమంటే వింటావా? అందుకే ఉబ్బరమన్నాను."

అందరి తలలూ మనవరాలి వైపు తిరిగాయి. పిల్ల తువ్వాలు అంచు నలుపుతూ ఏడుపుగొంతుతో అంది. "రోజూ అమ్మ చేతి పాలే తాగుతుంది కదా, నానమ్మకి అది ఎలా చదవను? అందుకే మార్చేశాను."

కోడలు మంచం మీద కూలబడింది. ఆ గ్లాసు తోసిన ప్రతిసారీ తను అవమానం అనుకున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. దుఃఖం ఆగలేదు. అయినా ఈ మంచి పేరు తనది కాదనిపించింది.

"పుస్తకం తీసుకురా. ఉన్నదున్నట్టు చదువు," అంది కూతురితో.

పిల్ల చదివింది. మాత్రలు నూరడం, చెంచాతో కలపడం, గ్లాసు వెనక్కి తోయడం, అన్నీ చదివింది. భర్త ఈసారి దాటెయ్యకుండా కూర్చుని విన్నాడు. అత్తగారు ఎక్కడా అడ్డు రాలేదు.

"ఈ అధ్యాయం నేను రెండుసార్లు చదివాను అత్తయ్యా," అంది కోడలు తలెత్తకుండా. "అసహ్యం వేసి కాదు."

పెద్దావిడ కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది. "మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఈ పుస్తకం దొరికి ఉంటే, నేను మూడుసార్లు చదివేదాన్ని." మనవరాలి వైపు తిరిగింది. "అంతమంది ఉన్న ఇంట్లో ఆ కోడలికి ఎవరైనా ఒక్క గ్లాసు పాలిచ్చారటే?"

పిల్ల పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. "లేదు నానమ్మా. ఎక్కడా లేదు."

ఆడపడుచు వంటింట్లోంచి ఖాళీ గ్లాసు పట్టుకొచ్చింది. వదిన మొహంలోకి చూడలేక, ఆమె చేతిలోని పాలు సగం అందులోకి వంచి తల్లికి అందించింది. "ఇకమీద స్కూలు నుంచి నేరుగా ఇటే వస్తాను వదినా. అమ్మ పిలిస్తే నేను పలుకుతాను," అంది.

అత్తగారు గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు. చెవి కోడలి వైపే ఉంది. చల్లారిన పాలు మీగడతో సహా కోడలి గొంతు దిగిన చప్పుడు విన్నాకే తన గ్లాసు ఎత్తింది.