నూకాలు గొంతులో పేరు

"ఇంకొక్కసారి పిలువమ్మా. పాప ఎక్కడో దూరంగా ఆడుకుంటోందనుకో," అన్నాడు త్రివిక్రమరావు.

నూకాలు ఒళ్ళోని పసిగుడ్డును చూసి నవ్వింది. మైకు వైపు తిరిగి, ఒడ్డున నిలబడి పడవను కేకేసినట్టు, "చుక్కా...ని!" అని పిలిచింది. మొదటి అక్షరాన్ని నాలుక పళ్ళకు ఆనించి తేలిగ్గా వదిలింది. మధ్య అక్షరాన్ని అలలా సాగదీసింది.

విశాఖపట్నంలో ఆ రోజుల్లో ఏ బిడ్డకు పేరు పెట్టాలన్నా ముందు నామదర్శిని దగ్గరికి తీసుకురావలసిందే. త్రివిక్రమరావు పన్నెండేళ్ళు శ్రమపడి చేసిన మెషీన్ అది. కన్నవారి గొంతులోనే పేరును రికార్డు చేసి, రేపు బడిలోనో ఆసుపత్రిలోనో ఎవరూ తప్పు పలకకుండా వినిపిస్తుంది. అంతేకాదు, జనన రికార్డులు, జనం ఇష్టాయిష్టాలు లెక్కగట్టి, వచ్చే పదేళ్ళలో ఆ పేరు ఇంకెంతమందికి పెడతారో చెబుతుంది.

స్క్రీన్ మీద సున్నా పడింది.

"అంటే ఏటి బాబూ?"

"నీ కూతురి పేరు ఇంకెవరికీ ఉండదమ్మా."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. "కడుపుతో ఉన్నప్పుడే ఆడపిల్లేనని ఈ పేరెట్టేసినాడు బాబూ మా ఇంటాయన. పడవలో చుక్కాని పట్టేది ఆయనే. తుపానులో ఎల్లినోడు మరి రాలేదు. పెనిమిటి పేరు మేం నోటితో అనం కద. దీన్ని పిలిస్తే ఆయన్ని పిలిసినట్టే నాకు. ఎవలికీ సెప్పకండి బాబూ."

"నా నోటి నుంచి రాదు. మాటిస్తున్నాను."

నెల తిరక్కుండానే పై అధికారులు మెషీన్‌ను చూడటానికి వచ్చారు. అప్పటిదాకా సున్నా వచ్చిన పేరు నూకాలు కూతురిదొక్కటే. కొత్త పేరని కన్నవారు మురిసిపోయినవన్నీ వేలల్లో తేలాయి. "ఎక్కడా లేని పేరంటూ ఒకటైనా ఉందా, లేక ఊరికే అంకెలు వేస్తుందా?" అని ఒక అధికారి ఎకసక్కెమాడాడు. ఆ మాట త్రివిక్రమరావుకు ములుకులా తగిలింది. బటన్ నొక్కాడు. నూకాలు గొంతు హాలంతా పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

'నేనేమీ చెప్పలేదు. మెషీన్ పలికింది,' అని ఆ సాయంత్రం తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తప్పు చేసిన మనిషి దాన్ని కప్పడానికి ఒక గుడ్డ కూడా వెతుక్కుంటాడు.

హాల్లో ఎవరో ఫోన్‌లో పట్టిన ఆ పిలుపు వారంలో రాష్ట్రమంతా తిరిగింది. ఎవరికీ లేని పేరట! అందరూ అదే పెట్టారు. నాలుగేళ్ళకు నలభై వేలమంది చుక్కానులు. సరిగ్గా పలకడానికి నూకాలు గొంతే పెట్టుకుని నేర్చుకున్నారు. తీరిక లేని తల్లులు ఫోన్‌లోని ఆ గొంతుతోనే పిల్లలను అన్నానికి పిలిపించారు. మెషీన్ జనాన్ని తప్పుగా లెక్కగట్టలేదు. తనను చేసినవాణ్ణి లెక్కలో వేసుకోలేదు, అంతే.

ఐదో ఏట నూకాలు వచ్చింది. తిడుతుందని త్రివిక్రమరావు తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"బడి కాడ పిలిసినాను బాబూ. తొమ్మిదిమంది ఆడగుంటలు ఎనక్కి తిరిగినారు. నా గుంట తిరగలేదు."

"వినపడలేదేమో."

"ఇనపడింది. ఎవలి పోనో మోగతందనుకుందట. ఈది నిండా నా గొంతే కద. పేరు పోతే పోయింది. ఊళ్ళోవాళ్ళ పోన్లలోంచి ఆ గొంతయినా తీసెయ్యండి."

"అది ఇప్పుడు నా చేతిలో లేదమ్మా."

"అప్పుడుంది కద బాబూ."

"మరి పాపను ఎలా పిలుస్తున్నావు?" అని అడిగాడు.

"పిలవను. దగ్గరికెల్లి సెయ్యి పట్టుకుంతాను."

ఆమె బయటికి నడిచింది. మెట్ల మీద పాప వీపు తిప్పి కూర్చుని గవ్వలు పేర్చుకుంటోంది. పాపనైనా క్షమించమని అడగాలనిపించి, త్రివిక్రమరావు గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచాడు. పిలవాల్సింది ఏ పేరుతోనో గుర్తొచ్చింది.

మెల్లగా మెట్లు దిగి, పాప ఎదుటికి వెళ్ళి నేల మీద కూర్చున్నాడు.