అరవై రెండో పేజీ

మా అన్నయ్య కామిక్ పుస్తకాలకి బొమ్మలు గీసేవాడు. వాటిలో మాటల బుడగలు నింపడం నా పని. పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. అతను పోయి పదకొండు రోజులైంది. నాకు ఏడుపు రాలేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది.

అతని ఆఖరి పుస్తకం మర్నాడు అచ్చుకి వెళ్ళాలి. ఆ సాయంత్రం వాళ్ళింటి మేడ మీద అతని గదిలో కూర్చున్నాను. బయట ముసురు. లోపల నల్ల ఇంకు వాసన, చెమ్మగిల్లిన గోడల వాసన.

పని పక్కన పెట్టి ఆ పేజీలు చూస్తూ ఉండిపోయాను. వేరేవాళ్ళు పేజీ నిండా నెత్తురు పోసినా రాని భయం, అన్నయ్య ఓ తలుపు సందుతో తెప్పించేవాడు. ఒక గడిలో గుమ్మం దగ్గర చెప్పులు. పక్క గడిలో గుమ్మం ఉంటుంది, చెప్పులుండవు. అంతే. ఎవరో నడిచి వెళ్ళిన చప్పుడు మన చెవిలో పడేది. "చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో ముందు తేల్చుకోవాలే. బొమ్మ దానంతటదే వస్తుంది" అనేవాడు.

అరవై ఒకటో పేజీ దాకా మాటలు పెన్సిలుతో రాసిపెట్టాడు. ఆఖరిదైన అరవై రెండో పేజీకి ఏమీ రాయలేదు. మొదటి గడిలో మెట్లు. రెండో గడిలో టీ గ్లాసు పట్టుకున్న ఆడమనిషి చెయ్యి. బొటనవేలి మీద నెలవంకలా కాలిన మచ్చ.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. వదిన టీ తెచ్చింది.

"ఇంకా అవలేదా? కళ్ళు పోగొట్టుకుంటావు."

గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమె బొటనవేలు చూశాను.

"వదినా, ఇదెప్పుడు కాలింది?"

"మొన్న. ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. ఎందుకు చేస్తున్నానో నాకే తెలీదు."

పేజీ ఆమె వైపు తిప్పాను. చాలాసేపు చూసింది.

"ఇరవై రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా నన్ను గీయలేదు," అంది మెల్లగా. "ఇప్పుడు గీశాడా?"

ఆ గొంతులో భయం లేదు. నాలోనూ లేదు.

మూడో గడి మీద నా అరచెయ్యి ఉంది. తీశాను.

బల్ల మీదికి వంగిన ఇద్దరాడవాళ్ళు. వెనక నుంచి. నా జడ, వదిన శాలువా. చూసేవాడు ఎక్కడున్నాడో నా కళ్ళు వాటంతటవే లెక్కకట్టాయి. బీరువా పక్క మూల. నాలుగడుగుల దూరం.

ఆ గడిలో ఒక ఖాళీ బుడగ. దాని తోక మా ఇద్దరిలో ఎవరి వైపూ లేదు. గడి దాటి బయటికి, చూసేవాడి వైపు తిరిగి ఉంది.

ఇంకు వాసన ఎక్కువైంది. బీరువా దగ్గర నేల... చిన్నగా... కిర్రుమంది.

"తిరక్కు," వదిన గుసగుసగా అంది.

"అన్నయ్యేనేమో..."

"ఆయనైతే... ముందు నన్ను పిలిచేవాడు."

పేజీలు కవరులో కుక్కుకుని, గోడ వైపే చూస్తూ, పక్కపక్కకి జరిగి తలుపు చేరాం. వెనక్కి చూడకుండా మెట్లు దిగాం. రాత్రి కింద కూర్చుని మిగతా బుడగలన్నీ నింపి, పొద్దున్నే కవరు పంపించేశాను. ఆ బుడగ ఖాళీగానే వదిలేశాను.

మూడో రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఒక్కదాన్నే పని చేసుకుంటుంటే పబ్లిషరు ఫోను చేశాడు.

"ఆఖరి బుడగ అదిరిందమ్మా! వీపు జలదరించిందంటే నమ్ము."

"ఏముంది అందులో?"

"నువ్వు రాసి నన్నడుగుతావేంటి? నీ చేతిరాత నాకు తెలీదా? 'కాస్త జరుగు. కనపడటం లేదు.'"

ఫోను పెట్టేశాను.

కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాను.