నలభై ఫారాల అబద్ధం

"మీరు లైబ్రరీకి వెళ్తారా, నెట్ సెంటర్‌కి వెళ్తారా?"

నందిగామ పీజీ కాలేజీ మెట్ల మీద ఆ అమ్మాయి అంత సీరియస్‌గా అడిగేసరికి, జయదేవ్ నోట్లో సమోసా నోట్లోనే ఉండిపోయింది.

"ఎందుకండీ, పోలీసు కేసా?"

"సర్వే. నా పేరు మైథిలి, లైబ్రరీ సైన్స్ చదువుతున్నా. స్టూడెంట్స్ దేన్ని ఎక్కువ వాడుతున్నారో తేల్చి ప్రాజెక్ట్ ఇవ్వాలి."

ఎమ్మెస్సీలో చేరి రెండేళ్లవుతున్నా జయదేవ్ లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. సాయంత్రం బస్సు దిగితే జగ్గయ్యపేటలో గిరీష్ నెట్ సెంటరే అతని చదువూ, కాలక్షేపమూ. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఆ మాట ఎవడు చెప్పగలడు?

"లైబ్రరీకేనండి. రోజూ."

మైథిలి మొహం వెలిగిపోయింది. "మీ ఫ్రెండ్స్ చేత కూడా నింపించి పెడతారా?" అంటూ నలభై ఫారాలు చేతిలో పెట్టింది.

అక్కడే మనవాడి బుద్ధి గడ్డి తింది. ఆమెకు పుస్తకాలంటే ప్రాణంలా ఉంది, సంతోషపెడదాం అనుకున్నాడు. టీలు తాగించి మరీ, నలభై మంది చేతా రోజూ లైబ్రరీకే వెళ్తామని రాయించాడు.

వారం తర్వాత, శుక్రవారం, ఆమె లైబ్రరీకి రమ్మని కబురు పెట్టింది. థాంక్స్ చెబుతుందేమోనని తల దువ్వుకుని వెళ్లాడు.

గుమ్మం దగ్గరుండే సంతకాల పుస్తకం తెరిచి అతని ముందుకు తోసింది మైథిలి.

"లోపలికొచ్చే ప్రతివాళ్లూ ఇందులో సంతకం పెట్టాలి. నెలంతా కలిపి పదకొండు సంతకాలు. వాటిలో నాలుగు అటెండర్ కృష్ణయ్యవి. మీ నలభై మందీ కిటికీలోంచి దూకుతున్నారా?"

జయదేవ్ అప్రయత్నంగా కిటికీ వైపు చూశాడు.

"మా గైడ్ వరప్రసాదరావు గారు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఫారాలన్నీ నేనే రాసుకున్నాననుకుంటున్నారు. సోమవారానికి నిజమైనవి తేకపోతే ఈ ఏడు నా ప్రాజెక్ట్ తీసుకోరట." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు నచ్చేది రాయమన్నానా? నిజం రాయమన్నా."

అతనికి చచ్చేంత సిగ్గేసింది. ఆమె కళ్లలో నీళ్లకు కారణం తనే అన్న సంగతి అంతకంటే బాధపెట్టింది.

శనివారం పొద్దున్నే వరప్రసాదరావు గారింటికి వెళ్లి, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆయన అరగంట చీవాట్లు పెట్టారు. అక్కడి నుంచి కొత్త ఫారాలతో గిరీష్ సెంటర్‌కి వచ్చి, రెండు రోజులు ఆ నలభై మందిలో ఒక్కొక్కణ్ణీ పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఉన్నదున్నట్టు రాయండ్రా. ఈసారి టీ కూడా లేదు."

వాళ్లు నిజమే రాశారు. అందరిదీ నెట్టే. కారణం అన్నచోట మాత్రం ముప్పై మంది ఒకేలాంటి మాట రాశారు: లైబ్రరీ నాలుగింటికి మూసేస్తారు, మా ల్యాబ్ నాలుగున్నరకి అవుతుంది.

సోమవారం జయదేవ్ ఇచ్చిన ఫారాలు తీసుకుని లోపలికెళ్లిన మైథిలి, గైడ్ గదిలోంచి నవ్వుతూ బయటికొచ్చింది.

"ఇన్నేళ్లుగా పిల్లలకి పుస్తకాల మీద ఆసక్తి లేదనుకున్నాం, తాళం మనమే వేశామన్నమాట, అన్నారు సార్. ప్రాజెక్ట్ తీసుకున్నారు."

"హమ్మయ్య!"

"మీ ఫారం కూడా చూశా. లైబ్రరీకి ఎన్నిసార్లు వెళ్లారు అంటే, 'ఒక్కసారి, తిట్లు తినడానికి' అని రాస్తారా?"

"నిజం రాయమన్నారుగా."

"ఇకముందు రోజూ వెళ్తారని కూడా రాశారు. ఏ పుస్తకం కోసం?"



"పుస్తకం కోసమంటే మళ్లీ అబద్ధమవుద్దండి. మీకోసం."

మైథిలి తల వంచుకుంది. చెవులదాకా ఎర్రబడ్డాయి. మెల్లగా అంది.

"ఆదివారం నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. వచ్చి ఈ మాటే ఆయనతో చెప్పండి."

"అమ్మో, ఏమంటారో!"

"ఏమీ అనరు," అంది మైథిలి. "శనివారం మీరు తప్పొప్పుకున్నారని సార్ చెప్పారు. నా మాట నేను నాన్నగారికి నిన్ననే చెప్పేశా."