నాగలి కింద రిసీవర్

“నీకు మూడు గంటల టైముంది,” అన్నాడు చీఫ్.

మే నెల, మధ్యాహ్నం రెండు. మహారాష్ట్రలోని చంద్రపూర్ శివార్లలో, రిజర్వాయర్‌కు కాస్త దూరంగా జీపు ఆగి ఉంది. ఏజెంట్ నవనీత్ చేతిలో ఒక తెల్లటి యాట్ ఫొటో. పేరు ‘మయూరి’.

“లేక్ రిసార్ట్ బోటు. అసలు ఓనర్లు విదేశీ ముఠా. అడుగున రెండు వందల కిలోల పేలుడు పదార్థం. ఐదింటికి గాలివాన వస్తుంది. ఎవరో రిమోట్ నొక్కుతారు, తాళ్ల కొక్కేలు ఊడిపోతాయి. గాలి బోటును డ్యామ్ గేట్ల మీదికి తోస్తుంది. అప్పుడు రెండోసారి నొక్కుతారు.”

“గాలివానకు తెగిన బోటు. కుట్ర అని ఎవరూ అనుకోరు.”

“కరెక్ట్. రెయిడ్ చేస్తే వెంటనే నొక్కేస్తారు. రిమోట్ ఎవరి దగ్గరుందో తెలీదు. అందుకే ఈ వాచీ. ఇందులో జామర్ ఉంది. రిసీవర్‌కు పది అడుగుల లోపు పెడితే చాలు, రిమోట్ పనిచేయదు. రిసార్ట్ మేనేజర్ సుభాషిణి ముఠాలో మన మనిషి. రిసీవర్ ఎక్కడుందో బోటు వంటమనిషి చెప్తుంది. కోడ్ నేమ్ ‘ఉప్పు’. తెలుగామె. అందుకే హైదరాబాద్ వాడివని నిన్ను పిలిపించాను.”

నవనీత్ తల ఊపాడు. అతను హైదరాబాద్ వాడు కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, బల్లార్‌పూర్ బొగ్గుగని క్వార్టర్లలో పెరిగాడు. చదివింది మరాఠీ మీడియం. సర్వీసులో చేరేటప్పుడు అదంతా చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఇంజనీరు కొడుకునని, నా అన్నవాళ్లెవరూ లేరని చెప్పాడు. దేశంలో అందరి కూపీ లాగే ఆ సంస్థ సొంత ఏజెంటు కూపీ మాత్రం లాగలేదు.

మూడింటికల్లా అతను ఫ్రెంచ్ గడ్డం, బంగారు ఫ్రేము కళ్లద్దాలతో, కాలర్ కింద చిన్న మైకుతో మెరైన్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా జెట్టీ మీద ఉన్నాడు. సుభాషిణి నీలం షిఫాన్ చీరలో, మెడలో పెద్ద లాకెట్‌తో ఎదురొచ్చింది.

“మా తాళ్లు బాగున్నాయా సర్?”

“డబుల్ కట్టారు, మంచిదే. కానీ ఈ అంచు దగ్గర తాడు ఒరుసుకుంటోంది. గోనెపట్టా ఏదైనా చుట్టాలి. లేకపోతే గాలికి గంటలో కోసుకుపోతుంది.”

“చుట్టిద్దాం లెండి,” అని ఆమె నవ్వింది. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే వంటమనిషి చాయ్ తెచ్చింది. నవనీత్ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. ఆమె ఆగమ్మ. అతని చిన్నమ్మ. తల్లి పోయాక నాలుగిళ్లలో అంట్లు తోమి అతన్ని పెంచిన మనిషి. పదకొండేళ్లుగా ఆమెకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. గడ్డం పెట్టుకున్నా ఆమె ఒక్క చూపులో పోల్చుకుంది. పోల్చుకుని, ఏమీ ఎరగనట్టు గ్లాసు అందించింది.

“చాయ్‌లో చక్కెర తక్కువైంది,” అన్నాడు కోడ్ ప్రకారం.

“చక్కెర గాదు సారూ, ఉప్పేసిన.”

సుభాషిణి ఫోనొచ్చి పక్కకు వెళ్లగానే ఆగమ్మ గొంతు తగ్గించింది. “పడవోళ్లు మరాఠీల మాట్లాడుకుంటుంటే ఇన్న. డబ్బా నాగలి కింద పెట్టిండ్రట.” ఇంకేదో అడగాలని నోరు తెరిచింది. తిన్నావా అనో, మంచిగున్నావా అనో.

“ఓకే, యూ మే గో,” అన్నాడు నవనీత్.

ఆమె తల వంచుకుని బోటెక్కింది. ‘ఏ నాగలి?’ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగాలంటే ఆమె ముఖంలోకి చూడాలి. అంత ధైర్యం అతనికి లేకపోయింది.

రిసార్ట్ లాన్‌లో అలంకారానికి రంగులేసిన పాత నాగలి ఒకటుంది. దాని చుట్టూ, కిందా తవ్వాడు. వానపాములు, తోటమాలి చెప్పు దొరికాయి. పక్కనున్న పూలమళ్లు కూడా తవ్వేసరికి ఐదు కావస్తోంది. పడమర ఆకాశం నల్లబడింది. గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఒడ్డున చేపల పడవవాడు తోటివాడి మీద అరుస్తున్నాడు. “అరే, నాంగర్ టాక్! నాంగర్!”

లంగరు వెయ్యమని అరుపు. నవనీత్ చేతిలోని పార జారిపోయింది.

మరాఠీలో నాంగర్ అంటే నాగలీ, లంగరూ కూడా. కోర్పనా దగ్గర పొలాల్లో పుట్టిన ఆగమ్మకు తెలిసింది ఒక్క నాగలే, అదే తెలుగులో చెప్పింది. అతనికి మాత్రం రెండూ తెలుసు, బడిలో నేర్చుకున్నాడు. ఆ బడినే దాచిపెట్టుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా జెట్టీ మీదికి పరుగెత్తాడు.

టక్, టక్, టక్. కొక్కేలు ఊడాయి. కదిలిపోతున్న బోటు మీదికి దూకాడు. ముందు భాగంలో స్పేర్ లంగరు. దాని కింద నల్లటి డబ్బా, ఎర్రలైటు. వాచీ విప్పి దానికి కట్టాడు.

లోపలి నుంచి తలుపు బాదుతున్న చప్పుడు. వంటగదికి బయట గడియ పెట్టారు. అతను గడియ లాగాడు.

“చిన్నమ్మా, తాడు పట్టు!”

గేట్లు రెండు వందల మీటర్ల దూరంలో ఉన్నాయి. ఇద్దరూ లంగరును నీళ్లలోకి తోశారు. అది అడుగున జారుతూ వస్తోంది. తాడు కురచైతే లంగరు నేలను పట్టదు. ఐదు మీటర్ల లోతుకు ఏడు రెట్లు వదలాలి. గేట్లు దగ్గరవుతుంటే తాడు వదలడానికి చేతులు రావు. అయినా వదిలాడు. ముప్పై ఐదు మీటర్ల దగ్గర బిగించాడు. బోటు గుంజుకుంది. అంచు దగ్గర తాడు పోగులు తెగుతున్నాయి.

“ఒరుస్కపోతుంది!” ఆగమ్మ ఉల్లిగడ్డల గోనెసంచి తడిపి మడిచి తాడు కింద దూర్చి, రెండు చేతులతో పట్టుకుంది.

గేట్లకు పదిహేను మీటర్ల ఇవతల ‘మయూరి’ ఆగింది. జెట్టీ మీద సుభాషిణి లాకెట్‌లో దాచిన రిమోట్ నొక్కుతూనే ఉంది, చీఫ్ మనుషులు చేతికి సంకెళ్లేసేదాకా.

వాన తగ్గాక ఒడ్డుకు చేర్చారు. ఆగమ్మ అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

“మైకులో చిన్నమ్మా అని వినబడింది,” అన్నాడు చీఫ్.

“నన్ను పెంచిన మనిషి సార్. నేను బల్లార్‌పూర్ వాణ్ణి. సిగ్గుపడి అబద్ధం చెప్పాను. ఆ సిగ్గుతోనే ఇవాళ ఈమెను చంపబోయాను.”

చీఫ్ ఆమె వైపు తిరిగాడు. “నిజమేనామ్మా?”

నిజమంటే పిల్లగాడి నౌకరీ పోతుందని ఆమెకు భయం పట్టుకుంది. తడి కొంగు పిండుకుంటూ, “లే సారూ,” అంది. “ఈ సారును ఇయ్యాలనే సూసుడు. నాకు గింత పెద్ద ఆఫీసర్ కొడుకు యాడికెల్లి వస్తడు?”

నవనీత్ ఆమె అరచేతులకు తన రుమాలు చుట్టసాగాడు.

“ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు,” అన్నాడు చీఫ్ రిపోర్టు రాయడానికి పెన్ను తీసి. “ఆమె సమాచారం ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. కాబట్టి, సారీ నవనీత్, నీకెవరూ లేరు.”