మూతి దించని తుపాకీ

ఈదమ్మ గుడిసె ముందు కూర్చుని ఆముదం గుడ్డతో నాటు తుపాకీ గొట్టం తుడుస్తోంది. తుడవడం పూర్తికాగానే మేనమామ అంకన్న తుపాకీ అందుకుని, ఆమెకు కనబడకుండా అటు తిరిగి సిద్ధం చేసి ఇచ్చాడు. తుపాకీ మందు దాచే కొమ్ము ఆ ఇంట్లో గురి కుదిరిన మనిషి మెడలోనే ఉంటుంది; ఇన్నాళ్ళూ అది అంకన్న మెడలోనే.

"మందు పోసినానో లేదో చెప్పను. కాల్చు."

ఈదమ్మ మీట నొక్కింది. టిక్కుమంది, అంతే. అయినా ఆమె కళ్ళు మూసుకుపోయాయి. తుపాకీ మూతి జానెడు కిందికి దిగింది.

"సూసినావా? పేలకముందే బెదురుతాండావు."

"దాని తుపాకీకి నిద్దర ఎక్కువ మామా!" అని నవ్వాడు అన్న బయ్యన్న. నిరుడు ఆమె అలా బెదిరిన క్షణంలోనే ఎలుగుబంటి అతని ఎడమ కన్ను పీకేసింది. ఈదమ్మ నవ్వలేదు.

నెల రోజులు అదే పని. ఒకసారి పేలేది, ఒకసారి పేలేది కాదు. ఏది ఎప్పుడో తెలియక చివరికి ఆమె కళ్ళు చప్పుడు కోసం కాచుకోవడం మానేశాయి. అంకన్న మాత్రం నమ్మలేదు.

తేనె కోసం కొండ దిగుతూ బయ్యన్న ఒక గుహ చూశాడు. గోడ మీద చెక్కిన పాము, లోపల వరుసగా పాతిన కుండలు. పాత కోట రాజులు దాచిన సొమ్మేనని అతని నమ్మకం.

"ఈసారీ నా ఎనక నువ్వే నిలబడల్ల" అన్నాడు చెల్లెలితో.

గుహ ముందు అంకన్న ఎప్పటిలాగే అటు తిరిగి తుపాకీ సిద్ధం చేసి ఆమెకిచ్చి, కాగడా పట్టుకుని వెంట వచ్చాడు. లోపలికి పోయేకొద్దీ పగటి వెలుగు వెనక సన్నగిల్లింది. కాగడా పొగ పైకి లేవకుండా, ఎవరో పీల్చుకుంటున్నట్టు లోపలికే పోతోంది. ఎక్కడో నీటి చుక్కలు. రెండు చుక్కల మధ్య ఒక ఊపిరి.

బయ్యన్న కుండ మూత మీద చెయ్యి వేశాడు. ఊపిరి ఆగింది. అతని పక్కన చీకటి మెల్లగా లేచి మనిషెత్తున నిలబడింది. ఎలుగుబంటి!

"కాల్చు ఈదీ!" అని అరిచాడు.

ఈదమ్మ రెప్ప పడలేదు. మూతి వెంట్రుకవాసి కదల్లేదు. నొక్కింది.

టిక్.

ఆ చప్పుడు గుహంతా తిరిగి ఆమె చెవికే వచ్చింది. తుపాకీ ఖాళీ. ఎలుగు తల వంచి ఆమెనే చూసింది. ఖాళీ గొట్టాన్ని దాని గుండెకు సూటిగా నిలిపి, "అన్నా, కుండ ఒదిలెయ్. ఎనక్కి రా" అంది మెల్లగా. ముగ్గురూ అడుగులో అడుగేస్తూ వెనక్కి నడిచారు. వీపుకు ఎండ తగిలేదాకా ఆమె గొట్టం దించలేదు.

గుడిసె చేరాక బయ్యన్న మామ మీద విరుచుకుపడ్డాడు. "మందెందుకు పోయలేదు?"

"మూతి దిగితే గుండు నీకే తగుల్తాదని..."

"దిగలేదు మామా. ఉన్న ఒంటికన్నుతో నేను సూసినా."

కుండల మాట ఎవరూ ఎత్తలేదు. ఈదమ్మ ఆముదం గుడ్డ తీసుకుని గొట్టం తుడవసాగింది. అంకన్న మెడలోని మందు కొమ్ము తీసి ఆమె ఒడిలో పెట్టాడు. తల వంచుకుని గుడిసె దాటి వెళ్ళిపోయాడు.