నాలుగో మీటు

గాజుగ్లాసులో నీళ్లు పోసి వంతుగది గచ్చు మీద పెట్టింది నూకరత్నం. నీటి మీద సన్నటి వలయాలు మధ్యలో పుట్టి అంచుకి పోతున్నాయి. నేల గట్టిగానే ఉంది. అప్పుడు గానీ ఆమె పీట మీద కూర్చోలేదు.

"ఆలస్యమైంది," అన్నాడు దానియేలు మాస్టారు, బేసు గిటారు తీగల్ని గుడ్డతో తుడుస్తూ.

"ఎండుచేపల లోడు దిగింది మాస్టారూ. వదిలేసి వస్తే పిల్లులే బేరం తెంపేస్తాయి."

"వదల్లేదులే. సగం సరుకు తువ్వాలుకే అంటుకొచ్చింది."

"వాసన లేని ఎండుచేప ఎప్పుడూ కొనకండి. అందులో ఏదో మోసం ఉంటాది."

మాస్టారు నవ్వి బేసు ఆమె ఒళ్లో పెట్టాడు.

సముద్రం లోపలికొచ్చాక ఊరు తడి ఇసక మీదే నిలబడింది. ప్రతి వీధి కిందా పాతిన తంబం అనే యంత్రం పగలూ రాత్రీ నేలనాదం పలుకుతుంది. ఆ అదురుకే ఇసక బిగిసి ఉంటుంది. కానీ ఇసక కూడా పాత ఖాతాదారు లాంటిదే. ఒకే సరుకు ఒకేలా అందిస్తే పట్టించుకోవడం మానేస్తుంది. తంబం ఒక్కదాన్నీ నమ్ముకున్న వీధులు మెత్తబడి కిందికి పోయాయి. అందుకని తంబంతో పాటు వంతులేసుకుని వాయించే మనిషి చెయ్యి ఉండాలి. మనిషి వాయించేదాంట్లో వెంట్రుకవాసి హెచ్చుతగ్గులుంటాయి. ఇసకని ఏమరనివ్వనిది అదే.

తొలిమెట్టు అందరికీ తంబమే నేర్పుతుంది. అది ముందు నడుస్తుంది, మనిషి వెనక నడుస్తాడు. తప్పు పోయినా అది సర్దుకుంటుంది. రెండో మెట్టయిన ఒంటివంతు అలా కాదు, అందులో మనిషే ముందు నడవాలి. దానికి మాస్టారు దగ్గర విడిగా పాఠం చెప్పించుకోవాలి. నూకరత్నానికి ఆ ఒంటివంతే కావాలి. నిరుడు ఆమె మొగుడు పోలారావు ఒంటివంతులో ఉండగానే గచ్చు మెత్తబడి అతన్ని మింగింది. మధ్యలో చెయ్యి ఆపాడు కాబట్టే పోయాడని ఊరి నేల బాగోగులు చూసే నేలసభ వాళ్లు తేల్చారు. అతను మొదలెట్టిన పని మధ్యలో ఆపే మనిషి కాదని ఆమెకి తెలుసు. అక్కడ ఏం జరిగిందో అతని పీట మీద కూర్చుంటే గానీ తేలదని ఆమె లెక్క.

"ఇవాళ తంబం నీ వెనక నడుస్తుంది," అన్నాడు మాస్టారు. "మన తంబం వెనక ఊళ్లో తంబాలన్నీ నడుస్తాయి. నాలుగేసి మీటులు. ఖాళీ మాత్రం వదలకు."

ఆమె మొదలుపెట్టింది. లావు తీగ అదురు పొట్టలోకి దిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి వేలు ఆనకముందే తీగ తనంతట తనే వణికింది. రెండు చిన్న నొక్కులు, ఆ తర్వాత ఒక లాగుడు.

మళ్లీ చుట్టు. మళ్లీ అదే చోట, అదే వణుకు.

"ఏటి మాస్టారూ ఇది?"

"గోడల మోత. వాయించు."

"గోడ నాకంటే ముందు మోగుతాదా?"

మాస్టారు తల తిప్పుకున్నాడు. ఆమె వాయిస్తూనే అతని ముఖం వంక చూసింది. సరుకులో లోపం దాచిన మనిషి ముఖం ఆమెకి కొత్త కాదు.

"అందరికీ తెలుస్తుందమ్మా," అన్నాడు చివరికి. "నాకు మా తమ్ముడు వినపడతాడు. కిందికి పోయినవాళ్లు ఊరుకోరు. అందుకే వాళ్ల మోత మీదే వాయిస్తాం. రెండో మెట్టంటే ఇంకేం లేదు. వాళ్లు వినపడకుండా వాయించడమే."

నూకరత్నం చేతులు ఆగలేదు.

రెండు నొక్కులు, ఒక లాగుడు. చేపల బజార్లో నలుగురి ముందూ ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి వేళ్ల మీద నొక్కి చెప్పుకుంటారు. మన మాట నొక్కాక చెయ్యి వదులు చేసి, అవతలి చెయ్యి పలికేదాకా ఆగాలి. పోలారావు ఒప్పుకుంటే రెండుసార్లు నొక్కి బొటనవేలు లాగేవాడు. పెళ్లికి ముందు ఆమెకి అతని గురించి తెలిసింది ఆ ఒక్క సంగతే.

నిరుడు అతను పని ఆపలేదు, కింది చెయ్యి పలికేదాకా ఆగి ఉంటాడు. ఏడాది పొడుగునా అతను నొక్కుతున్నాడు. ఊరు ఊరంతా ఆగకుండా తన మాటే చెబుతోంది.

ఒకటి, రెండు, మూడు. నూకరత్నం అరచెయ్యి తీగల మీద పరిచింది.

"ఆపకు!" మాస్టారు లేవబోయాడు.

తంబం ఆగింది. గ్లాసులో వలయాలు చెరిగి నీళ్లు నున్నగా అయిపోయాయి. పీట కింద గచ్చు చెమ్మగిల్లి ఒక పక్కకి ఒరిగింది. కాలివేళ్ల సందుల్లోకి చల్లటి ఇసక వచ్చింది.

అప్పుడు కింది నుంచి నాలుగో మీటు పలికింది.

గచ్చు బిగిసింది. ఆమె ఒకటి, రెండు, మూడు మీటి, చెయ్యి ఎత్తి ఆగింది. నాలుగోది మళ్లీ కింది నుంచే వచ్చింది. గ్లాసులో వలయాలు ఈసారి అంచున పుట్టి మధ్యకి నడుస్తున్నాయి.

గోడకున్న గొట్టంలోంచి పక్కవీధి వంతుమనిషి గొంతు వణుకుతూ వచ్చింది. "మాస్టారూ, మా తంబం నాలుగోది మింగేస్తోంది! అయినా మోగుతోంది. ఎవరండీ వాయిస్తున్నది?"

 మాస్టారు గచ్చుకి చెవి ఆనించి ఉన్నాడు. లేచి, "కప్పెయ్యమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇంకా మించిపోలేదు. మీద వాయించెయ్."

"బేరంలో ఉన్నాను మాస్టారూ. చెయ్యి తీయకూడదు."

ఇంకో చుట్టు. ఈసారి మూడోదానికి ముందే తీగ వణికింది. కింది చెయ్యి ఇంకో మీటు అడుగుతోంది.

 పోలారావు ఒప్పుకున్నాక మళ్లీ అడిగిన మనిషి కాదు. తువ్వాలు కిందికి తొంగిచూడకూడదన్నది బజారు కట్టుబాటు. అక్కడున్న చెయ్యి ఒకటో, రెండో, నేల మింగిన వాళ్లందరివో ఆమెకి తెలియదు. అడిగిందల్లా ఇస్తే పీట మిగలదు. ఏమీ ఇవ్వకపోతే ఇన్నాళ్లలాగే కింది మాట ఎవరూ వినరు.

మూడో మీటు ఆమే మీటింది, గది అదిరేలా. ఇది నాది, నాలుగోదే మీది.

నాలుగోదానికి చెయ్యెత్తి ఆగింది. ఊరంతా ఆగింది.